నంగలిలో పప్పు నిషేధం

నంగలి,
12 జులై 2009

జూలియా వదినకు,

ఫోన్ చేద్దామంటే నీ చెవి సంగతి తెలిసిందే. పోయినసారి నేను అరిచిన అరుపుకు మా ఇంట్లో గొడవ జరుగుతోందనుకుని పక్కింటివాళ్ళు పరుగెత్తి వచ్చారు. అందుకని ఉత్తరమే నయం. హాస్టల్‌లో మన తమిళ వార్డన్ చదవలేదని తెలుగులో చీటీలు రాసుకున్నవాళ్ళం, ఇప్పుడు మాత్రం సిగ్గెందుకు.

విషయం ఏమిటంటే, వరసకు మీ అన్న, అదే మా ఆయన, నా మీద అలిగాడు. రెండు రోజుల అలక కాదు. ఉగాది ముందు నుంచి.

తప్పు నాదే. ఉగాది ముందు పట్టుపురుగులు గూడు కట్టే దశకు వచ్చి జబ్బు తగిలి పోయాయి. మొత్తం గుంట తీసి పూడ్చాము. షెడ్డు తలుపు తీయగానే జబ్బు వాసన ముందుగా పట్టేది మీ అన్న ముక్కే అని నీకు తెలుసు. ఊళ్ళోవాళ్ళు కూడా తమ షెడ్లు వాసన చూడమని పిలుచుకుపోయేవాళ్ళు. అలాంటి మనిషి ఆ రోజు, కంపు వాకిట్లోకి కొడుతుంటే, తట్టల మధ్య నిలబడి తీరిగ్గా ఆకు వేస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. కూలివాళ్ళందరూ ఉండగానే "నీ ముక్కును యాడ పారేసుకున్నావప్పా, సంతలోనా? పోయి ఎతుక్కోపో" అన్నాను.

అంతే. అప్పటి నుంచి ముఖం బిగించుకున్నాడు. నవ్వడు. మనవడు ఒళ్ళోకెక్కి చక్కిలిగిలి పెట్టినా బుగ్గ కదలదు. ఏదైనా అడిగితే జవాబు రాదు, వచ్చినా గొంతులోనే ఉండిపోతుంది. నడిచేటప్పుడు కుడిచెయ్యి ఊపడు, ఎవరో దాచిపెట్టమని ఇచ్చిన చెయ్యిలా పక్కన పెట్టుకుని పోతాడు. అడుగులు కూడా చిన్నవి, నేలను రాస్తూ. ఊరికే కూర్చున్నా బొటనవేలూ చూపుడువేలూ ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ ఉంటాడు, గూడు కట్టబోయే పండిన పురుగును ఏరుతున్నట్టు. నేను చూస్తున్నానని తెలిస్తే ఇంకా ఎక్కువ చేస్తాడు. పాల డెయిరీలో సంతకం పెడితే చీమ పాకినట్టుంది. ఉలవచారు దించి ముందు పెట్టినా "వాసన బాగుండాది" అన్న మాటే లేదు. ఊళ్ళో డాక్టరేమో నీరసమని టానిక్ ఇచ్చాడు.

వసంత్ అంటాడు, "అమ్మా, నాయనకు ఇంగ చాతకాదు, దసరా అయినాక మల్బరీ పెరికేసి టమాటా పెడదాం" అని. నేనూ సరే అన్నాను. పురుగులే లేకపోతే నేనన్న మాట ఆయనకు రోజూ గుర్తు రాదు కదా. ఆయన్ని అడిగాము. నోరు తెరవలేదు. తన చేత్తో పెట్టిన తోట పెరికేస్తామంటే కూడా పలకలేదంటే ఎంత కోపమో చూడు.

నీ మాటకు విలువిస్తాడు. నాలుగు చివాట్లు పెట్టి ఆయనకొక ఉత్తరం రాయి. నా మీద కోపం పోయిందో లేదో ఆ ఒక్క మాట చెప్పిస్తే చాలు.

సొన్నమ్మ

*

ఛాంపియన్ రీఫ్, కె.జి.ఎఫ్.,
20 జులై 2009

సొన్నమ్మ వదినకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి స్నేహితురాలిగా చదివితే నీ మొగుడి మీద కోపం వచ్చింది. రెండోసారి ఈ ఊళ్ళో ఆడపిల్లలకు ఇన్నేళ్ళు జీవశాస్త్రం చెప్పినదానిగా చదివితే నీ మీద వచ్చింది.

అలిగిన మగవాళ్ళను నేనూ చూశాను. మా ఆయన అమృతరాజు బతికుండగా అలిగితే తలుపులు మాట్లాడేవి, చెంబులు మాట్లాడేవి, చివరికి కుక్క కూడా మంచం కిందికి పోయేది. ఇక్కడి బంగారు గనులు మూసేసిన ఏడాది మా వీధి వీధంతా ఢిల్లీ మీద అలిగింది. అప్పుడు పెట్టిన అర్జీల మీద ఒక్కడి సంతకమైనా చిన్నదవలేదు. కాగితం పట్టనంత సంతకాలు పెట్టారు. అలక మనిషిని పెద్ద చేస్తుంది వదినా, చిన్న చేయదు. నువ్వు రాసిన మనిషి అన్నివైపులా చిన్నవాడవుతున్నాడు. అడుగు చిన్నది, గొంతు చిన్నది, సంతకం చిన్నది.

నేను డాక్టర్ని కాను కాబట్టి జబ్బు పేరు రాయను. వసంత్‌ను వెంటబెట్టుకుని బెంగుళూరులో మంచి నరాల డాక్టర్ దగ్గరికి ఈ వారంలోనే పోండి. నాకు రాసిన ఆ ఫిర్యాదులన్నీ అదే వరసలో ఆయనకు చెప్పు. ఏడుస్తూ చెప్పకు, ఆయన రాసుకోవాలి. వాసన ఎప్పటి నుంచి తెలియడం లేదో మా అన్ననే అడగమను. నువ్వు పక్క నుంచి అందివ్వకు.

చివాట్ల ఉత్తరం రాయను. ఆ టానిక్ మాత్రం పారేయకు. నువ్వు తాగు, ముందు ముందు నీకే కావాలి.

జూలియా

*

నంగలి,
18 ఆగస్టు 2009

జూలియా వదినకు,

పోయి వచ్చాము. పార్కిన్సన్స్ అన్నాడు డాక్టర్. నువ్వు పేరు రాయకపోయినా నీకు ముందే తెలుసునని నాకిప్పుడు తెలిసింది.

ఆ డాక్టర్ మంచివాడే. మీ అన్న చేత వేళ్ళు తట్టించాడు, వరండాలో నడిపించాడు, కాగితం మీద ఒకటే వాక్యం మళ్ళీ మళ్ళీ రాయించాడు. చివరి వరసకు వచ్చేసరికి అక్షరాలు ఆవగింజలయ్యాయి. తర్వాత "వాసన ఎప్పటి నుంచి తెలీడం లేదు" అని అడిగితే మీ అన్న నింపాదిగా "మూడు నాలుగేండ్లుంటాది" అన్నాడు. నేను కుర్చీలోంచి లేచినంత పనయింది. మూడేళ్ళుగా నా వంట వాసన తెలియకుండానే తిని బాగుందన్నాడా? ఆ మెచ్చుకోళ్ళన్నీ ఇప్పుడు ఏ లెక్కలోకి వస్తాయి?

మెదడులో నరాల కణాలు చచ్చిపోతున్నాయని, ఏదో ప్రొటీన్ మడత సరిగా పడక అలా అవుతుందని డాక్టర్ వివరంగా చెప్పాడు. వసంత్ ప్రతి మాటకూ తల ఊపాడు. బస్సులో అడిగాను, "ఏమి అర్థమయిందిరా నీకు?" అని. "మాత్రలు రోజుకు మూడుసార్లమ్మా" అన్నాడు. అంతే అర్థమయిందట.

నువ్వు చెప్పు. పాఠంలా చెప్పినా ఫర్వాలేదు. ప్రొటీనుకు మడతేమిటి? అది తప్పితే మనిషెందుకు నవ్వడు?

ఇంకొకటి. ఇది జబ్బు అన్నాడే గాని అలక కాదని డాక్టర్ ఎక్కడా చెప్పలేదు. జబ్బున్నవాడు అలగకూడదని లేదు కదా. నాకు ఆ సంగతి తేలాలి.

సొన్నమ్మ

*

ఛాంపియన్ రీఫ్,
29 ఆగస్టు 2009

సొన్నమ్మ వదినకు,

నా మనవరాలు ప్రిన్సీ రోజూ రైల్లో బెంగుళూరుకు పోయి ఉద్యోగం చేసి వస్తుంది కదా, దానితో కంప్యూటర్‌లోంచి బోలెడు కాగితాలు తెప్పించుకున్నాను. "గ్రాండ్‌మా, పరీక్ష రాస్తావా ఏంది?" అంది. నీ ప్రశ్నలకంటే పరీక్షే సులువు.

నీ చేతికి తెలిసిన ప్రొటీన్‌తో మొదలుపెడతాను. పట్టు.

పండిన పురుగును వెలుతురుకు పట్టి చూస్తావు కదా, లోపల తేనెలా మెరుస్తుంది. అది పట్టే, కాని ఇంకా దారం కాదు. పురుగు లోపల ఉన్నంతసేపూ చిక్కటి నీళ్ళే. పురుగు తల ఆడిస్తూ దాన్ని నోటి నుంచి బయటికి లాగుతున్నప్పుడు అణువులు వరసలు వరసలుగా మడతపడి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అప్పుడు దారమవుతుంది. ఇక దాన్ని మళ్ళీ నీళ్ళు కమ్మంటే కాదు. నీ పెళ్ళి చీర ఎన్ని వానల్లో తడిసినా కరగలేదు కదా. పదార్థం అదే. మారింది మడత ఒక్కటే. ఆ మడత పురుగు బయట కాకుండా లోపల, తిత్తిలోనే పడిందనుకో. ఆ పురుగు గతేమిటో నేను చెప్పక్కర్లేదు.

మన నరాల కణాల్లో కూడా ఒక ప్రొటీన్ ఉంది. ఆల్ఫా సైన్యూక్లీన్ అంటారు. పేరు గుర్తుపెట్టుకోకు, నేనూ కాగితం చూసే రాశాను. నరం కొసల్లో కబుర్లు మోసే చిన్న చిన్న సంచులను సర్దుతుందట. మామూలుగా ఏ ఆకారమూ లేకుండా వదులుగా తిరుగుతుంటుంది. కొందరిలో, ఎందుకో ఎవరికీ పూర్తిగా తెలియదు, అది తప్పుగా మడతపడుతుంది. పడి ఊరుకోదు. పక్కదాన్ని పట్టుకుని తనలాగే మడిచేస్తుంది, అది ఇంకొకదాన్ని. మన హాస్టల్‌లో ఒకమ్మాయి తలనొప్పని సాయంత్రం ప్రార్థన తప్పించుకుంటే వారం తిరిగేసరికి వరండా అంతా తలనొప్పులే అయిన సంగతి తలుచుకో.

ఇలాంటివి చూసుకోవడానికి కణంలో కూడా వార్డన్లున్నారు. మిగతా ప్రొటీన్లు సరిగా మడతపడుతున్నాయా లేదా అని కనిపెట్టి ఉండటమే కొన్ని ప్రొటీన్ల పని. బాగుపడనివాటిని ముక్కలు చేసి తీసేసే ఏర్పాటు కూడా ఉంది. వయసు మీద పడితే ఆ వార్డన్లకు చూపు తగ్గుతుంది, చెత్త తీసేవాడు ఆలస్యంగా వస్తాడు. అప్పుడు మడత తప్పినవన్నీ ముద్దలు కడతాయి. ఈ ముద్దలు చిన్నవిగా ఉన్నప్పుడే ఎక్కువ చెరుపు చేస్తాయని ఇప్పటి మాట. కణం పొరలకు చిల్లులు పెడతాయి, కణానికి శక్తినిచ్చే పొయ్యిలను ఆర్పేస్తాయి, అసలు చెత్త తీసే దారికే అడ్డం పడతాయి. పెద్ద ముద్దలకు లూయీ అనే డాక్టర్ పేరు పెట్టారు. అవి హంతకులా, లేక చెత్తనంతా ఒకచోట మూటకట్టి మేలు చేసినవా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. తేలితే ప్రిన్సీ చెబుతుంది.

మెదడు అడుగున నల్లగా కనిపించే ఒక చిన్న చోటు ఉంది. అక్కడి కణాలకు ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. అవి డోపమైన్ అనేదాన్ని తయారుచేస్తాయి. మనం అనుకున్నది చెయ్యీ కాలూ సాఫీగా చేయాలంటే అది ఉండాలి. సగానికి పైగా కణాలు పోయాక గాని, నువ్వు వేళ్ళు రుద్దుకోవడమనుకున్న ఆ వణుకు బయటపడదట. నీ డాక్టర్ ఇచ్చిన మాత్ర ఆ డోపమైన్ కొరత తీరుస్తుంది. చచ్చిన కణాలను మాత్రం లేపలేదు. ఇది నీకు తియ్యగా చెప్పే మనిషి దొరికితే ఆమెతో చెప్పించుకో.

నవ్వడం కూడా కదలికే వదినా. బుగ్గ లేవాలి, కనుబొమ్మ లేవాలి, కళ్ళు ముడుచుకోవాలి. మనసు చెప్పినా కండరం వినకపోతే ముఖం అలాగే ఉంటుంది. ముక్కు దగ్గరి నరాల్లో ఈ ముద్దలు చెయ్యి వణకడానికి ఏళ్ళ ముందే చేరతాయని కొందరంటారు. అంటే నువ్వు సంతలో వెతుక్కోమన్న ముక్కు ఆ రోజు పోయింది కాదు.

నవ్వలేదంటే నవ్వు రాలేదని కాదు. ఈ వాక్యం కింద గీత గీశాను, చూడు.

జూలియా

*

నంగలి,
10 సెప్టెంబరు 2009

జూలియా వదినకు,

నీకు వెయ్యి దండాలు. అంతా అర్థమయింది. కోడలు ప్రేమకు కూడా చదివి వినిపించాను. "ఇంత సులభంగా ఉండేదాన్ని ఆ డాక్టరు ఇంగ్లీషులో చెప్పి చెడగొట్టినాడు కదత్తా" అంది.

నువ్వు రాసినదానికి నేను నా వంతు చేయవద్దా? ప్రొటీన్లు దేనిలో ఉంటాయో నేను టీచరుగా ఉన్నప్పుడు స్కూల్లో పిల్లలకు వల్లె వేయించినదే. పప్పులు, పాలు, గుడ్లు, మాంసం, చేపలు. సోమవారం నుంచి ఆయనకు అన్నీ బంద్. పాలన్నీ డెయిరీకే. కందిపప్పు డబ్బా అటక మీదికెక్కింది. ఉలవలు ఎద్దులకు. ప్రేమ కాపలా ఉంటుంది. మొదటి రోజే వసంత్ దొంగతనంగా ఒక గుడ్డు పెట్టబోతే పట్టుకుంది. రాగిముద్ద, గోంగూర పచ్చడి, మజ్జిగ బదులు చింతపండు చారు.

ఆయన ముద్దను చూశాడు, నన్ను చూశాడు, తిన్నాడు. కొంచెం చిక్కాడు. లోపలి ముద్దలు కరుగుతున్నాయి కాబోలు.

సొన్నమ్మ

*

ఛాంపియన్ రీఫ్,
15 సెప్టెంబరు 2009

వదినా,

ఈ ఉత్తరం చేతికి రాగానే అటక మీది డబ్బా దించి పొయ్యి మీద కందిపప్పు పెట్టు. మిగతాది అది ఉడికేలోగా చదవవచ్చు.

పెట్టావా? సరే.

నీ మల్బరీ ఆకు తిన్న పురుగు ఆకును కక్కుతుందా, పట్టును కక్కుతుందా? పప్పు సంగతి కూడా అంతే. అది పప్పుగా మెదడుకెక్కదు. కడుపులోనే చిన్న చిన్న ముక్కలయిపోతుంది, ఆ ముక్కలతో ఒళ్ళు తనకు కావలసినవి కట్టుకుంటుంది. నేను చెప్పిన ఆ వంకర ప్రొటీన్ ఎవరో వండిపెడితే వచ్చింది కాదు, కణం తనకు తాను చేసుకున్నది. నువ్వు ఊరికి ఇటుకలు రాకుండా ఆపి దొంగవాడి ఇల్లు లేవకుండా చేద్దామనుకున్నావు. బడీ ఆస్పత్రీ కూడా లేవలేదు. అందుకే మనిషి చిక్కాడు.

పైగా నీ రాగిలో కూడా ప్రొటీన్ ఉంది. అది కూడా తెలిసుంటే గాలి పెట్టేదానివి.

నా పాఠం విని ఇన్ని బ్యాచ్‌ల పిల్లలు పాసయ్యారు. విని మొగుణ్ణి పస్తు పెట్టినదానివి నువ్వొక్కదానివే. గుడ్డు పెట్టబోయిన వసంత్‌కు నా ఆశీర్వాదాలు చెప్పు.

జూలియా

*

నంగలి,
5 అక్టోబరు 2009

జూలియా వదినకు,

పప్పు పెట్టాను. మూడుసార్లు వడ్డించుకున్నాడు. నీ ఉత్తరం చదివి ప్రేమ నవ్విన నవ్వుకు దాన్ని పుట్టింటికి పంపేద్దామనుకున్నాను.

అయితే విను. మొన్న డాక్టర్ దగ్గరికి మళ్ళీ పోయాము. "మాత్ర భోజనానికి అర్ధగంట ముందే వేసుకోవాలి, పప్పూ గుడ్డూ తిన్న వెంటనే వేసుకుంటే లోపలికి పోయే దారి దగ్గర రెండూ తోసుకుంటాయి, మాత్ర వెనకబడుతుంది" అన్నాడు. నేను చెప్పింది అదే కదా? పప్పుకూ ఈ జబ్బుకూ ఏదో తగువుందని నాకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. దీనికి నువ్వేమంటావు?

మాత్రలు పనిచేస్తున్నాయి. కుడిచెయ్యి కొంచెం ఊగుతోంది. గేటుదాకా పోయి వస్తున్నాడు.

ముఖం మాత్రం అదే ముఖం. మొన్న తెగించి అడిగాను, "నా మింద కోపముంటే చెప్పేయ్, ఆ పొద్దు అందరిముందర అంటిని, తప్పే, కోపమా? కోపమే కదా? చెప్పవా?" అని. జవాబు లేదు. లేచి వచ్చేశాను. అలక కాదని నువ్వు గీత గీసి రాశావు. నీకేం, నువ్వు ఆ ముఖం ఎదురుగా కూర్చుని అన్నం తినడం లేదు.

రాత్రుళ్ళు ఇంకో ఆలోచన వస్తోంది. మేము అమ్మిన గూళ్ళన్నీ మరిగే నీళ్ళలో వేసే కదా దారం తీస్తారు. ఎన్ని పురుగుల ఉసురు. అది ఊరికే పోతుందా? వానల వల్ల తోట పెరికే ట్రాక్టర్ రాలేదు గాని దీపావళి అయ్యాక వస్తుంది. మల్బరీ పోతేనే మంచిది.

సొన్నమ్మ

*

ఛాంపియన్ రీఫ్,
14 అక్టోబరు 2009

సొన్నమ్మ వదినకు,

మాత్ర విషయంలో డాక్టర్ చెప్పింది నిజమే. నువ్వు చేసింది అది కాదు, అయినా దాని పక్కింటిదాకా వచ్చావు. పదికి ఒక మార్కు వేస్తున్నాను. ఇంట్లో అద్దం కట్టించి పెట్టుకో.

ఉసురు మాట మాత్రం మళ్ళీ రాయకు. మా వీధిలో బంగారం తవ్వినవాళ్ళ ఊపిరితిత్తులు పోయాయి. దాన్ని మెడలో వేసుకున్నవాళ్ళు నిక్షేపంగా ఉన్నారు. పాపం చూసుకుని వచ్చే జబ్బులైతే డాక్టర్ల దగ్గర ఇంతమంది మంచివాళ్ళు వరసలో ఎందుకుంటారు? కణంలో మడత తప్పింది, అంతే. నువ్వూ పురుగులూ దానిలో లేరు.

ఇక ఆ ముఖం సంగతి. ఇన్నేళ్ళూ నువ్వు ఆ ముఖాన్ని చదువుకుంటూ కాపురం చేశావు. మా అన్న మాట తక్కువ మనిషి, అవసరమంతా ముఖంతోనే గడిచిపోయింది. ఇప్పుడా అక్షరాలు చెరిగిపోయాయి. ఖాళీ పలక మీద నీకు తోచింది నువ్వే రాసుకుని, ఆయనే రాశాడని ఏడుస్తున్నావు.

అడగడం కూడా నీకు రాదు. నీ ఉత్తరంలోనే చూడు, ఒక జవాబుకు ఎన్ని ప్రశ్నలు వేశావో. ఈ జబ్బులో ఆలోచన ఉంటుంది, మాట బయలుదేరడమే ఆలస్యం. అది గొంతుదాకా వచ్చేసరికి నువ్వు వంటింట్లో ఉంటావు. కాబట్టి ఒక్క ప్రశ్న వెయ్యి. వేసి ఎదురుగా కూర్చో. ఒక గ్లాసు కాఫీ పెట్టుకో, చిన్న గుటకలుగా తాగు. కాఫీ తాగడానికి తప్ప నోరు తెరవకు. అయిపోతే ఇంకో గ్లాసు.

మల్బరీ విషయంలో నా అభిప్రాయం నువ్వు అడగలేదు, అందుకే చెబుతున్నాను. పెరికించకు. మా అన్న ప్రాణమంతా ఆ తోటలోనే ఉంది. ఆ మాత్రం నాకు ఇక్కడి నుంచే కనిపిస్తోంది.

జూలియా

*

నంగలి,
26 అక్టోబరు 2009

జూలియా వదినకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. పొద్దున్నే ఆయన మాత్ర వేసుకుని కాస్త తేరుకున్నాక, అరుగు మీద ఎదురుగా కూర్చుని "నా మింద కోపమా?" అన్నాను. అంతే అన్నాను. కాఫీ పెట్టుకున్నాను. వదినా, నోరు మూసుకుని కూర్చోవడం ఇంత కష్టమని ఎవరూ చెప్పలేదు. మధ్యలో ప్రేమ వచ్చి "అత్తా, చారులోకి..." అంటూ ఉంటే కళ్ళెర్రజేశాను. పాపం, చారు లేకుండానే పోయింది.

రెండో గ్లాసు సగమయ్యాక పెదవులు కదిలాయి. ముందుకు వంగాను.

"కాగితం తే" అన్నాడు.

"ఎందుకప్పా, నోటితో చెప్పు" అన్నాను.

మళ్ళీ కాఫీ తాగవలసి వచ్చింది. అప్పుడు చెప్పాడు. "నీకు చెప్తే మధ్యలో మాట్లాడ్తావు. జూలియమ్మకు రాస్తా."

ఇప్పుడు గీతల కాగితం పెట్టుకుని, మాత్ర పనిచేస్తున్నంతసేపూ నాలుగేసి వరసలు రాస్తున్నాడు. నేను పోతే చేత్తో మూసుకుంటాడు. ట్రాక్టర్‌ను ఆపమని వసంత్‌కు చెప్పాను. ఆ ఉత్తరం అందిన వెంటనే ఏముందో రాయి. మంచిదైనా చెడ్డదైనా, సర్దకుండా ఉన్నదున్నట్టు రాయి.

సొన్నమ్మ

*

నంగలి,
2 నవంబరు 2009

చెల్లెలు జూలియమ్మకు,

దొడ్డమునియప్ప రాస్తున్నాడు. నువ్వు బాగున్నావని ప్రిన్సీ వసంత్‌కు ఫోనులో చెప్పింది. అక్షరాలు రానురాను చిన్నవైతే భూతద్దం పెట్టుకో. గీత దాటించి పెద్దగా రాయమని డాక్టర్ చెప్పాడు, ప్రయత్నం చేస్తున్నాను.

మీరిద్దరూ జులై నుంచి నా గురించి రాసుకుంటున్న ఉత్తరాలన్నీ సొన్నమ్మ గట్టిగా చదువుతుంది, ప్రేమ కోసం. నేను పక్క గదిలో వింటాను. నీ చెవి పోయింది, నా ముక్కు పోయింది, నా చెవి మాత్రం బాగానే ఉంది. పప్పు ఉత్తరం వచ్చిన రోజు నేను నవ్వినంత ఎవరూ నవ్వలేదు. ప్రేమ కూడా అంత నవ్వలేదు. ముఖం మీదికి రాలేదు, అంతే.

సొన్నమ్మ అడిగిందానికి జవాబు. కోపం లేదు. సంతలో పోయి ముక్కు వెతుక్కోమని అన్నప్పుడే నాకు నవ్వొచ్చింది. కూరగాయల గుట్టలు ఒక్కొక్కటే ఎత్తి చూస్తున్న నన్ను ఊహించుకున్నాను. నవ్వాననే అనుకున్నాను. అద్దంలో చూసుకుంటూ నవ్వే అలవాటు నాకు లేదు కాబట్టి ముఖం ఆ పని చేయలేదని తెలియలేదు. తర్వాత ఆమె ఎందుకు దూరంగా తిరుగుతోందో నాకు అర్థం కాలేదు. ఆమెకే నా మీద కోపమనుకున్నాను.

ఇక్కడిదాకా రాసినది నిన్న సొన్నమ్మ చేతికిచ్చాను. చదివింది. మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. పెళ్ళయినాక ఇదే మొదటిసారి.

ఇంక మల్బరీ. నా ప్రాణమంతా ఆ తోటలో ఉందని నువ్వు రాశావు. లేదమ్మా. పురుగుకు పండగ తెలియదు, జాతర తెలియదు. వసంత్ పెళ్ళిలో తాళి కడుతున్నప్పుడు నేను షెడ్డులో ఆకు వేస్తున్నాను. తోట తీసేద్దామా అని వీళ్ళడిగిన రోజు నేను సంతోషంగా సరే అన్నాను. ఆ మాట గొంతు దాటేసరికి వీళ్ళు లేచిపోయారు. నువ్వు కూడా నన్ను అడక్కుండానే తీయవద్దని రాశావు. నువ్వు చదువుకున్నదానివి కాబట్టి క్షమిస్తున్నాను.

టమాటా మాత్రం వద్దన్నాను. నిన్న సాయంత్రం వసంత్‌ను కూర్చోబెట్టుకుని మామిడి పెట్టమన్నాను. వాడు "నాయనా, అంటు మొక్కలైనా కాపు బాగా దిగేదానికి ఐదేండ్లు పడతాది" అన్నాడు. అని, ఈసారి లేచిపోలేదు. సొన్నమ్మ వాడికి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టింది. వాడు తాగుతూ ఉన్నాడు.

"నాకేమి తొందర ఉండాది?" అన్నాను.

వసంత్ ఖాళీ అయిన గ్లాసును మళ్ళీ నోటికెత్తాడు. ఈసారి మాట ఆలస్యమయింది నాకు కాదు, వాడికి. తర్వాత వసంత్ మార్కెట్‌కు బాగుంటుందని అన్నీ తోతాపురి పెడదామన్నాడు. సొన్నమ్మ ముక్కు ఎగబీల్చి, "అప్పటికి నా నోట్లో ఒక్క పన్ను కూడా ఉండదు. ఆ గట్టి కాయ నేనేం చేసుకునేది? పీల్చి తినే రకం ఉండాల" అంది.

అందుకని గేటు పక్క వరసలో మొదటి మూడు రసపురి. ఒకటి నాది, ఒకటి ఆమెది. మూడోదానికి నీళ్ళు నేనే పోస్తాను, పండ్లకు మాత్రం నువ్వే రావాలి.

మీ అన్న,
దొడ్డమునియప్ప